ఎర్రక్షరం పడిన రోజు

సిద్దయ్యకు తేదీలంటే గిట్టదు. ఎందుకు గిట్టదని ఎవరైనా అడిగితే, "తేదీలు ఎవునికి గావాలప్పా? నెలజీతగాళ్లకు, జైల్లో ఉండేటోళ్లకు. గొర్రెలు మేపేటోనికి వారం తెలిస్తే సాలు" అనేవాడు. అని, ఎదుటివాడు నవ్వినా నవ్వకపోయినా తాను మాత్రం కడుపారా నవ్వేవాడు.

నవ్వితే నవ్వాడు గానీ, అందులో అబద్ధమేమీ లేదు. పెద్దముడియం దిక్కు పల్లెలో పుట్టి, నడక నేర్చిన నాటి నుంచీ మంద వెనకాలే తిరిగిన మనిషి. మంగళవారం మందను పొలిమేర దాటించడు. శుక్రవారం ఒకరికి దుడ్లు అప్పియ్యడు. శనివారం కత్తెర పట్టి గొర్రె బొచ్చు కత్తిరించడు. ఏ వారం ఏ ఊళ్లో సంతో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఇది ఏ నెలో, ఎన్నో తారీఖో అడిగితే మాత్రం అడిగినవాణ్ణే ఎగాదిగా చూసేవాడు.

ఆయనకున్నది ఒకే ఒక తమ్ముడు, చిన్నన్న. అమ్మానాయనా ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు వాడు ఇంకా నడుముకు మొలతాడు తప్ప ఏమీ కట్టుకోని వయసువాడు. సిద్దయ్యే వాణ్ణి భుజాన మోసుకుని మంద తోలాడు, వాడికి బువ్వ కలిపి పెట్టాడు, ఐదో తరగతి దాకా బడికీ పంపాడు. తన పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే "ముందు మావోనిది కానీండి" అనేవాడు. వాడి పెళ్లి అయ్యేసరికి తనకు పెళ్లీడు దాటిపోయింది. దాన్ని గురించి ఆయన ఎన్నడూ బాధపడలేదు.

ఆ పెళ్లి బట్టలకని ప్రొద్దుటూరు పోయినప్పుడే అన్నదమ్ములిద్దరూ షంషుద్దీన్ గడియారాల అంగడి మెట్లెక్కారు. బంగారు అంగళ్ల వెనక సందులో, మనిషి నిలబడితే ఇంకో మనిషికి చోటుండని అంగడి అది. అక్కడ పడ్డారు ఇద్దరూ తగువు.

"నాకు తేదీ ఉండేది గావాల" అన్నాడు చిన్నన్న. "ఓట్ల తేదీ, మీటింగు తేదీ, నామినేషను తేదీ. పార్టీలో అన్నీ తేదీలేనన్నా. వారాలు ముసలోళ్లకు."

"పార్టీలో నువ్వేం పొడుస్తాండావురా? జీపులో ఎనక కూర్చోని జెండా పట్టుకునేదానికి తేదీ గూడ గావాల్నా?"

"నీ మాదిరి గొర్రెల ఎనకాల్నే పడుండాల్నా?"

షంషుద్దీన్ నవ్వుతూ ఇద్దరి మధ్యా చేయి అడ్డం పెట్టాడు. చిన్నన్నకు తేదీ ఒక్కటే ఉండేది ఇచ్చి, సిద్దయ్య చేతికి వారమూ తేదీ రెండూ ఉండేది కట్టాడు. "అక్షరాలు రావు గదా సిద్దయ్యా, వారం ఎట్ల సదువుకుంటావు?" అని, మర తిప్పి చూపించాడు. వారాలన్నీ నల్లగా ఒకటొకటే జరిగిపోతూ ఒకచోట ఎర్రక్షరం వచ్చి ఆగింది. "ఇదో, ఎర్రగా పడిందంటే ఆయితవారం. ఆడ్నుంచి సేతి ఏళ్ల మీద లెక్కబెట్టుకో."

అబ్బో, సిద్దయ్య సంబరం అంతా ఇంతా కాదు! ప్రతి ఆదివారం పొద్దున్నే చెయ్యెత్తి ఊరందరికీ చూపించేవాడు. "ఎర్రక్షరం పడిందప్పా, ఈపొద్దు ఆయితవారం" అని చాటింపు వేసేవాడు. ఊళ్లో ఎవరికీ అది ఆదివారమని తెలియనట్టు! పిల్లకాయలు వెంటబడి "సిద్దయ్య మామా, ఎర్రక్షరం పడిందా?" అని అల్లరి చేసినా ఆయనకు ముచ్చటగానే ఉండేది. పక్కనున్న తేదీ గదిలోకి మాత్రం తొంగి చూసేవాడు కాడు. ముప్పై రోజుల నెల వచ్చినప్పుడల్లా అది తప్పిపోయేది. చిన్నన్న చూడలేక, అన్న చెయ్యి లాక్కుని సరిచేసేవాడు. "తప్పు తేదీ చేతికి కట్టుకోని ఎట్ల తిరుగుతావన్నా?" అని విసుక్కునేవాడు.

అది ఇంకా జీపుల కాలం. పల్లెకు రెండు పార్టీలు, ఒక్కో పార్టీకి ఒక్కో పెద్దాయన. పెళ్లికి ఒక పార్టీవాళ్లొస్తే రెండో పార్టీవాళ్లు రారు, చావుకూ అంతే. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. గొర్రెలు కాసేవాడి తమ్ముడూ అదే చేశాడు. తెల్లచొక్కా వేసుకుని పెద్దాయన జీపెక్కాడు. ఆయన భుజం మీద చెయ్యి వేస్తే చాలు, వీడికి కడుపు నిండిపోయేది. అన్న చెప్పాడు, కొత్తగా వచ్చిన పెండ్లాం లక్ష్మీదేవమ్మ చెప్పింది. వింటేనా!

చివరికి జరగాల్సిందే జరిగింది. ఓట్ల గొడవలో ఎదుటి పార్టీ మనిషిని రోడ్డు మీద ఆపి నరికేశారు. చిన్నన్న కత్తి పట్టలేదు, జీపు కూడా దిగలేదు. కానీ గుంపు చెదిరి పరుగెత్తేటప్పుడు వాడి చేతి గడియారం పట్టీ తెగి అక్కడే పడిపోయింది. అది ఎవరిదో చెప్పడానికి పదిమంది ముందుకొచ్చారు. ఏడో ముద్దాయిగా వాడి పేరు కేసులోకి ఎక్కింది. ఆ సాయంత్రమే వాడు పెన్నా లోయలోకి, గండికోట కింది గుహల్లోకి పారిపోయాడు. లక్ష్మీదేవమ్మకు అప్పుడు నిండు నెలలు. వాడు పోయిన వారానికే ఆడపిల్ల పుట్టింది.

పోలీసులకంటే ఎదుటి పార్టీవాళ్లే ఎక్కువ వెతుకుతున్నారు. పోలీసులకు దొరికితే జైలు, వాళ్లకు దొరికితే చావు. సిద్దయ్య వాకిట్లోని గడ్డివామి తగలబెట్టారు. మంటల్లోంచి గొర్రెపిల్లలను లాగేటప్పుడు దొడ్డి రాయికి కొట్టుకుని ఆయన గడియారం పగిలిపోయింది. తమ్ముడి ప్రాణం ముందు గడియారమెంత అనుకుని, పగిలినదాన్ని గూట్లో పడేశాడు.

నెల గడిచాక పెద్దాయన సిద్దయ్యను పిలిపించి చెప్పాడు. "ఇను. వచ్చే ఆయితవారం మధ్యాన్నం రెండు జీపులు పంపిస్తాండా. గండికోట దావలో కల్వర్టు ఉంది సూడు, మీవోణ్ణి ఆడికి రమ్మను. సోమవారం జమ్మలమడుగు కోర్టులో లొంగిపోతాడు. ఒగసారి జడ్జి ముందర నిలబడినాడంటే మల్ల వాణ్ణి ఎవుడూ ముట్టుకోలేడు. ఆయితవారం లోపల మటుకు రోడ్డు మొగం సూడొద్దు. వాళ్ల మనుషులు ఆ దావంతా మాటేసినారు. నువ్వు గూడ ఒగసారి పోయి సెప్పి వచ్చేయి. మల్లా మల్లా పోతే నీ ఎనకాల్నే వస్తారు."

సిద్దయ్యకు కొండంత బరువు దిగినట్టయింది. కానీ వెంటనే ఇంకో దిగులు పట్టుకుంది. అంతకుముందు మేపరి ఒకడు చిన్నన్నను చూసి వచ్చి చెప్పిన మాట గుర్తొచ్చింది. వాడికి జ్వరమట, పడుకుంటే పగలో రాత్రో తెలియడం లేదట, ఏ రోజో కూడా తెలియడం లేదట. మరి ఆదివారమని వాడికెట్లా తెలుస్తుంది? గడియారం పంపాలి. ప్రొద్దుటూరు పోతే ఆ రోజు బంద్, ఊరు ఊరంతా షట్టర్లు దించేసి ఉంది. షంషుద్దీన్ అంగడికీ తాళమే. ఉత్త చేతులతో తిరిగొచ్చి, పక్క వీధిలోని రహమతుల్లా తలుపు తట్టాడు.

రహమతుల్లా కువైట్‌లో నాలుగేళ్లు పనిచేసి ఈమధ్యే వచ్చాడు. చిన్నప్పటి నుంచీ సిద్దయ్యను మామా అనే పిలుస్తాడు. ఆయన అడిగీ అడగకముందే, కువైట్‌లో ఒకే అంగట్లో కొన్న రెండు గడియారాల్లో ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. సిద్దయ్య తిప్పి చూశాడు. వారం అరబ్బీ అక్షరాల్లో ఉంది. తనకు ఏ అక్షరమైనా ఒకటే.

"వారం సూపిస్తాదా రహమతూ?"

"సూపిస్తాది మామా."

"ఎర్రక్షరం పడ్తాదా?"

"పడ్తాది మామా. సెలవు రోజు ఎర్రగా పడ్తాది."

"అదీ! అది సాలు నాకు."

"తేదీ మటుకు తప్పుగా ఉండాది. నేను తిప్పలేదు. రోంత నిలబడు, సరిజేసిస్తా."

"తేదీ ఎవునికి గావాల? ఇట్లనే ఇయ్యి, పొద్దుపోతాంది" అన్నాడు సిద్దయ్య.

సెలవు రోజు ఎర్రగా పడుతుందన్నాడు రహమతుల్లా. అబద్ధమా? కాదు. సెలవు రోజు ఏదని సిద్దయ్య అడగలేదు. అడగడానికేముంది, సెలవు రోజంటే ఆదివారం కాక ఇంకేం ఉంటుంది ఆయనకు! చెప్పడానికేముంది, నాలుగేళ్లు శుక్రవారం శుక్రవారం సెలవు తీసుకుని వచ్చినవాడికి!

సోమవారం తెల్లవారి సిద్దయ్య మందను జమ్మలమడుగు దాటించి గండికోట దిక్కుకు తోలాడు. గొర్రెలు వెంట ఉంటే మేపరిని ఎవరూ రెండోసారి చూడరు. లోయ అంచున మేపుతూ మేపుతూ దిగి, బండల సందున తమ్ముణ్ణి చూశాడు. గడ్డం పెరిగి, కళ్లు గుంటలు పడి, ఒళ్లు కాలిపోతూ ఉన్నాడు. మూట విప్పి జొన్నరొట్టె, నంజుకోను ఊరిబిండి ముందు పెట్టి, చిన్నప్పటిలాగే ముద్ద తుంచి నోట్లో పెట్టాడు సిద్దయ్య. తినలేక తినలేక నాలుగు ముద్దలు తిన్నాడు చిన్నన్న.

"పాప ఎట్ల ఉండాది?"

"బంగారం మాదిరి ఉంది. నీ పెండ్లాం సెప్పి పంపింది. పేరు పెట్టలేదంట. నువ్వు వచ్చి పెట్టాలంట, బిరీన రమ్మనింది."

చిన్నన్న మొహం అటు తిప్పుకుని ఏడ్చాడు. ఏడుపు ఆగాక సిద్దయ్య పెద్దాయన మాట చెప్పి, గడియారం వాడి చేతికి కట్టాడు. ఎముకకు తగిలేంత బిగించినా పట్టీ వదులుగానే ఉంది.

"ఏ తేదీ అన్నా?"

"ఆయితవారం."

"తేదీ సెప్పన్నా. నాకు తేదీ ఐతే తెలుస్తాది. నంబర్లన్నా సదువుకుంటా."

"దీంట్లో తేదీ తప్పుగా ఉండాది, దాన్ని సూసినావంటే మోసపోతావు. లెక్కలు గూడ పెట్టుకోబాక, జరంలో ఒగరోజు ఎక్కువా తక్కువా అయితాది. పొద్దున్నే లేసి ఇది సూడు. ఎర్రక్షరం పడిందా, ఆపొద్దు దిగు. పడలేదా, కదలొద్దు. అంతే."

"ఎర్రక్షరం పడితే దిగాల" అన్నాడు చిన్నన్న, బడిలో అప్పజెప్పినట్టు.

"ఆ, నాయనా. అంతే" అని వాడి తల నిమిరి, మందను అదిలించుకుంటూ పైకి ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే పోబుద్ధి కాదని.

శుక్రవారం నాడు సిద్దయ్య పొట్టేళ్లను లారీకి ఎక్కించుకుని పులివెందుల పోయాడు. ఇంట్లో ఉంటే కాలూ చెయ్యీ నిలవడం లేదు, పైగా ఎప్పటిలాగా బేరాలు చేసుకుంటూ తిరిగితే ఎవరికీ అనుమానం రాదని. పొట్టేళ్లను అమ్మి బస్టాండులో కూర్చుంటే, జమ్మలమడుగు దిక్కు నుంచి వచ్చిన బస్సు కండక్టరు దిగుతూనే చెప్పాడు. "గండికోట దావలో ఒగన్ని నరికినారప్పా. కల్వర్టు మీద ఒగడే కూర్చోనుండెనంట, పొద్దున్నుంచి."

చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అన్నారు. సిద్దయ్య గుండె ఒక్కసారి ఆగింది. ఆగి, మళ్లీ కొట్టుకుంది. ఈపొద్దు శుక్రవారం గదా! మావాడు దిగేది ఎల్లుండి గదా! ఎవరో పాపం, ఏ తల్లి కన్న బిడ్డో. ఒక టీ చెప్పి తాగాడు. పెద్దాయన చెప్పినట్టే వాళ్లు మాటు వేసి ఉన్నారు, ఆదివారం దాకా కదలొద్దని చెప్పి మంచిపని చేశాననుకున్నాడు. టీ తియ్యగా ఉంది. ఇంకో సగం పోయించుకుని అది కూడా తాగాడు.

ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. లక్ష్మీదేవమ్మ నేల మీద పడి పొర్లుతోంది.

శవం మీద పార్టీ జెండా కప్పారు. పెద్దాయన వచ్చి, దండ వేసి, అందరికీ వినబడేట్టు అన్నాడు. "తొందరపడినాడు. ఆయితవారమని సిలక్కు సెప్పినట్టు సెప్పి పంపితి. నా మాట ఇనింటే బతికిండేటోడు." ఊరంతా తలూపింది. నిజమే కదా, రెండు రోజులు ఆగలేకపోయాడు. జ్వరంలో మతి చెదిరిందని కొందరు, కొత్త బిడ్డ మీది మమకారమని కొందరు అన్నారు. సిద్దయ్య చితి ముందు నిలబడి "ఎందుకురా, ఎందుకు దిగితివిరా" అని తమ్ముణ్ణే అడిగాడు.

లక్ష్మీదేవమ్మకు మాత్రం ఎందుకో తెలుసు. "నేనే సెప్పి పంపితి గదా, బిరీన రమ్మని. నేనే పిలిచి సంపుకుంటి" అనేది. పగలంతా అదే మాట. తిండి మానేసింది. చనుబాలు ఇగిరిపోయాయి. పాపను సిద్దయ్య మేకపాలు పట్టి పెంచుతున్నాడు. తల్లి దాని మొహం చూసేది కాదు. పేరు పెట్టనిచ్చేది కాదు. ఎవరైనా ఒళ్లో పడుకోబెడితే, "దీనికోసమే గదా వస్తా వస్తా పాయె" అని కళ్లు మూసుకునేది.

దినాలన్నీ అయిపోయాక ఒకరోజు రహమతుల్లా మసీదు నుంచి తిన్నగా సిద్దయ్య ఇంటికొచ్చాడు. తెల్లబట్టలు కట్టుకుని, టోపీ చేతిలో పట్టుకుని అరుగు మీద పక్కన కూర్చున్నాడు. ఊరికే అతని చేతి వైపు చూసిన సిద్దయ్యకు గడియారం కనబడింది. తమ్ముడి చేతికి కట్టినదాని జత. వారం గదిలో ఎర్రక్షరం.

"నీ గడియారం తప్పు సూపిస్తాంది రహమతూ" అన్నాడు. "ఈపొద్దు శుక్రవారమైతే ఆయితవారమంటాంది."

రహమతుల్లా చూసుకున్నాడు. "తప్పు కాదు మామా. జుమ్మా గదా ఈపొద్దు. ఆ దేశంలో సెలవు జుమ్మా నాడే. అందుకే ఎర్రగా..."

మాట మధ్యలోనే అతనికీ అర్థమైంది. టోపీ జారి కిందపడింది. "యా అల్లా! మామా, నేను సెప్పకపోతినే! సెలవు రోజని అంటినే గాని, ఏ రోజని సెప్పకపోతినే!" అని రెండు చేతులతో తల కొట్టుకున్నాడు.

సిద్దయ్య అతని చేతులు పట్టుకుని ఆపాడు. "నువ్వు తేదీ సరిజేసిస్తానంటివి. నేనే వద్దంటి" అన్నాడు. తమ్ముడు మతి చెదిరి దిగలేదు, మాట మీరి దిగలేదు. అన్న చెప్పింది చెప్పినట్టు చేశాడు. జ్వరంలో కూడా, పొద్దున్నే లేచి చూసుకుని, ఎర్రక్షరం పడిందని, అన్న మాట మీద నమ్మకంతో కల్వర్టు మీద వచ్చి కూర్చున్నాడు. జీపుల కోసం మధ్యాహ్నం దాకా రోడ్డు వైపు చూస్తూ ఉండి ఉంటాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా సిద్దయ్యకు బతకబుద్ధి కాలేదు. మందను అమ్మేశాడు. వారాలు కూడా పోయాయి ఆయనకు. ఏ రోజైతే ఏముంది?

ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనే అనుకున్నాడు. కానీ ఎన్నాళ్లని చూస్తాడు? పాప పాకుతూ పోయి తల్లి కొంగు పట్టుకుంటే, ఆమె కొంగు లాక్కుని గోడ వైపు తిరిగింది. అది చూసి ఆయన ఇక ఉండలేకపోయాడు. తప్పు తనదని తెలిస్తే ఆమె తనను తిట్టుకుంటుంది, తిట్టుకోనీ. కనీసం ఆ బిడ్డనైనా ఎత్తుకుంటుంది.

ఆమె ముందు నేల మీద కూర్చుని, దాచకుండా అంతా చెప్పాడు. రహమతుల్లా గడియారం, సెలవు రోజు, ఎర్రక్షరం, తేదీ చెప్పన్నా అని వాడు అడగడం, తాను వద్దనడం. "వాడు నీ మాటకు దిగలేదు తల్లీ. నా మాటకు దిగినాడు. నీ తప్పేం లేదు. బిడ్డ తప్పేం లేదు. సంపింది నేను" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆయన మొహంలోకి చూసింది.

"ఐతే నాకోసం రాలేదా బావా?"

సిద్దయ్య తల అడ్డంగా ఊపాడు.

"నేను పిలిస్తే వచ్చినాడనుకుంటి" అంది ఆమె. "సచ్చేటప్పుడు గూడ నా దిక్కే వస్తాండె అనుకుంటి. ఆ ఒగ మాట పట్టుకోనే ఇన్నాళ్లూ పానం నిలుపుకుంటి బావా. అది గూడ తీసుకుంటివే."